రేకు

రెడ్డిచ్‌లో ఒకప్పుడు లోకానికంతా సూదులు చేసేవారట.
ఇప్పుడు మేం స్ప్రింగులు చేస్తాం,
చెవిటి మిషన్లో పట్టేంతవి.
కింద పడితే చీపురు పనికిరాదు,
అయస్కాంతంతో వెతుక్కోవాలి.

టెస్ట్ రూములో నా పని వంచడం.
నికెల్ రేకుని సన్నటి గాజుకడ్డీ చుట్టూ తిప్పి,
నొక్కిపట్టి, వదిలేసి,
ఎంత వెనక్కి విచ్చుకుందో కొలవడం.
అంతే. నాకు జీతమిచ్చేది దీనికే.

యాభై మైక్రాన్ల రేకు మర్యాదస్తురాలు,
పుస్తకం చెప్పినంతే వంగి, చెప్పినంతే విచ్చుకుంది.
ఇరవై ఐదు కొంచెం సణిగింది.
పది మైక్రాన్లది, నా తలవెంట్రుకలో ఏడో వంతు,
ఊపిరి వదిలితే బల్ల మీంచి లేచిపోయేది,
లెక్కని ఒకటిన్నర రెట్లు దాటి మొండికేసింది.

మైక్రోమీటర్ తుడిచాను.
రేకు తగ్గినంతా కడ్డీనీ తగ్గించాను,
సాగే పాలు అన్నిటికీ ఒకటే ఉండాలని.
మళ్ళీ అదే. మూడోసారీ అదే.

గురువారాలు మాత్రం వచ్చే మెర్విన్ టాండీ,
నలభై మూడేళ్ళు అచ్చులు చెక్కిన మనిషి,
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు:
"పలచనిది సుళువుగా వంగాలి కదమ్మా?"

సుళువుగానే వంగుతుంది.
కానీ తన వంతుకి మించి ఎదిరిస్తుంది.

కాళ్ళకింద తివాచీ చూపించాను.
మొత్తంగా లాగితే రాదు.
ఒక ముడత పెట్టి, ఆ ముడతని
ఈ చివర్నించి ఆ చివరికి తోస్తే జరుగుతుంది.
లోహం లొంగేదీ అలాగే,
అణువుల వరసల్లో ముడతలు నడిచి.
వంపు తిరిగేచోట బయటి అంచు సాగాలి,
లోపలి అంచు కుదించుకోవాలి.
ఆ తేడా సర్దడానికే కొన్ని ముడతలు
అక్కడ ఉండి తీరాలి.
మందం ఉన్నచోట ఎడం ఎడంగా సర్దుకుంటాయి.
పది మైక్రాన్లలోనా?
పెళ్ళివారి బస్సే.
ఎవరూ కదలరు, ఎవర్నీ కదలనివ్వరు.

పిట్ట కొంచెం, కూత ఘనం అంటాం మేము,
అని నా ఇంగ్లీషులో చెప్పాను.
ఆయనేం మాట్లాడలేదు.
పాత సూదుల డబ్బాలున్న సొరుగు లాగి
ఓ రాగిరంగు బిళ్ళ నా అరచేతిలో పెట్టాడు.
ఫార్దింగ్. పెన్నీలో నాలుగో వంతు,
చెల్లడం మానేసి అరవయ్యేళ్ళు దాటింది.
దాని మీద రెన్ అనే బుల్లిపిట్ట.
"మా పెరట్లో అన్నిటికంటే చిన్నది ఇదే,
తెల్లారగట్ల నిద్ర లేపేదీ ఇదే."
ఈకలు అరిగి నున్నబడ్డాయి.
నిక్కపొడుచుకున్న తోక మాత్రం
ఇంకా బొటనవేలికి తగులుతోంది.

కథ అక్కడ ఆగితే బాగుండేది.
మరుసటి వారం రెండు మైక్రాన్లది వచ్చింది.
సూక్ష్మదర్శినిలో చూస్తే
మందం మొత్తానికి ఒక్కటే గింజ,
ఆనుకోడానికి పైన ఇంకోటి లేదు, కింద ఇంకోటి లేదు.
లాగాను.
యంత్రం గీత పైకి ఎక్కబోయి,
లెక్క దాకా రాకుండానే,
చప్పుడైనా చెయ్యకుండా తెగిపోయింది.

రిపోర్టులో రెండూ రాశాను.
మేనేజరు ఏదో ఒకటే ఉంచమన్నాడు.
ఉంచలేదు.

ముక్కల్ని కవర్లో పెట్టి తేదీ వేస్తుంటే
బయట యారో నది మీద వాన,
కోటు గుండీలు పెట్టుకుంటూ మెర్విన్ అడిగాడు
మీ భాషలో దీన్నేమంటారని.

రేకు, అన్నాను.
పువ్వుకుండేదీ, షెడ్డు మీద వానకి మోగేదీ,
ఈ కవర్లోదీ, అన్నీ రేకే.
మందమెంతో ఆ మాట చెప్పదు.

"రేక్యూ" అన్నాడు.
సరిచేశాను.
ఇంకోసారి అన్నాడు.
ఆయన నోట్లో అది నావైపు వంగి,
వదలగానే
సగం దాకా వెనక్కి విచ్చుకుంది.